డ్రైవరు చేతిలో స్విచ్ ఉన్న జీపీఎస్ ట్రాకర్: ప్రాజెక్టు డైరీ

రావులపాలెంలో మా బావగారికి మూడు బండ్లున్నాయి, రెండు బొలేరో పికప్‌లు, ఒక టాటా ఏస్. అరటి గెలల లోడు, ఎక్కువగా విశాఖ వైపు, అప్పుడప్పుడు తుని, అన్నవరం. ఖాళీ రోజుల్లో డ్రైవర్లు బండి ఇంటికి తీసుకెళ్తారు, చిన్నచిన్న సొంత పనులకు వాడుకుంటారు, అది బావగారు ఒప్పుకున్నదే. ఆయనకు కావాల్సింది లోడు ఎక్కడుందో తెలియడం. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి, మిగతా సమయంలో మనిషిని వదిలేసే డబ్బా చేయాలన్నది ఈ పని. ఎవరైనా ఇదే చేసుకుంటే నేను పోగొట్టుకున్న రోజులు వాళ్లు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను. డ్రైవర్ల పేర్లు రాయను, బండి నంబర్లూ రాయను. బండి 1, బండి 2, బండి 3 అంతే.

దశ 0: పాత డబ్బా విప్పడం (రోజు 1)

బండి 1లో రెండేళ్ల కిందట కొని పెట్టించిన చవక ట్రాకర్ ఒకటి ఉంది. డ్యాష్‌బోర్డు వెనక నల్ల డబ్బా, నాలుగు వైర్లు. ఎరుపు, నలుపు, ఇగ్నిషన్‌కి ఒకటి, ఇంజన్ ఆపే రిలేకి ఒకటి. ఇవి కాక సన్నటి ఐదో వైరు స్టీరింగు కాలమ్ పక్కనుంచి పైకి పోయింది. దాన్ని పట్టుకుని వెళ్తే చివర శనగగింజంత మైకు, ప్లాస్టిక్ అంచులో దూర్చి ఉంది.

మాన్యువల్ వెతికి చూస్తే విషయం తెలిసింది. ఆ డబ్బాలోని సిమ్‌కి ఒక ఎస్సెమ్మెస్ పంపి తర్వాత ఫోన్ చేస్తే రింగు కాదు, లైటు వెలగదు, లోపలి మాటలన్నీ వినపడతాయి. పాస్‌వర్డ్ కంపెనీ పెట్టిన 123456, ఎవరూ మార్చలేదు. నిజంగా పని చేస్తుందా లేదా చూద్దామని నా ఫోన్ నుంచి చేశాను. పెద్దాయన, అంటే బండి 1 డ్రైవరు, బండి పక్కన క్లీనర్‌తో కూతురి కాలేజీ ఫీజు గురించి మాట్లాడుతున్నాడు. ప్రతి మాటా స్పష్టంగా వినపడింది. వెంటనే కట్ చేసి, కిందకి దిగి, జరిగింది ఆయనకే చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "రెండేళ్ల నుంచీ ఉందాండి ఇది?" అన్నాడు.

మైకు ఉందని బావగారికీ తెలియదు, అమ్మినవాడు చెప్పలేదు. ఇది మా ఒక్క బండి సంగతి కాదు. 2019లో యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్ వాళ్లు ఇదే 123456 పాస్‌వర్డ్‌తో దాదాపు 6 లక్షల ట్రాకర్లు ఇంటర్నెట్‌లో బయటపడి ఉన్నాయని చెప్పారు. 2022 జూలైలో సైబర్ భద్రత సంస్థ బిట్‌సైట్ ఎంవీ720 అనే ట్రాకర్‌లో లోపాలు బయటపెట్టింది, ఆ ట్రాకర్ తయారుచేసే కంపెనీ పరికరాలు 169 దేశాల్లో 15 లక్షలు వాడకంలో ఉన్నాయని అంచనా. ఆ ట్రాకర్‌తో బండి ఇంధనం లైనును కూడా దూరం నుంచి ఆపేయొచ్చు.

మీ బండిలో పాత డబ్బా ఉంటే ముందు ఇవి చేయండి:

1. వైర్లు లెక్కపెట్టండి. పవరు, ఎర్త్, ఇగ్నిషన్ కాక ఇంకేమున్నా అది ఎక్కడికి పోతుందో చివరిదాకా చూడండి.
2. రిలే ఉంటే తీసేసి, దాని కోసం కోసిన ఇంధనం పంపు వైరును మళ్లీ కలిపి టంకం పెట్టించండి. నడుస్తున్న బండిలో ఇంజన్ ఆగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.
3. డబ్బాలో ఉన్న సిమ్ ఎవరి పేరు మీద ఉందో చూసి, ఆపించండి.

పాత డబ్బా, మైకు పెద్దాయన చేతికే ఇచ్చాను.

ఇప్పటిదాకా: ఖర్చు 0, సమయం 5 గంటలు.

దశ 1: పవరు, సిమ్ (రోజు 2 నుంచి 9)

కొన్న సామాను: ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రాం నడిపే చిన్న కంప్యూటరు చిప్) 420, సిమ్800ఎల్ మాడ్యూల్ (సిమ్ వేసి డేటా పంపేది) 310, నియో-6ఎం జీపీఎస్ 340, ఎల్‌ఎం2596 కన్వర్టర్ (బ్యాటరీ వోల్టేజీ తగ్గించేది) 70, వైర్లు, ఫ్యూజు, ప్లాస్టిక్ డబ్బా కలిపి 160. మొత్తం 1,300 రూపాయలు.

మొదటి తప్పు. సిమ్800ఎల్ 2జీ మాత్రమే. ఇంట్లో ఖాళీగా ఉన్న సిమ్ 4జీ మాత్రమే ఉన్న నెట్‌వర్క్‌ది. రెండు రోజులు యాంటెనా మార్చాను, టంకం మార్చాను, ప్రోగ్రాం మార్చాను, నెట్‌వర్క్ దొరకనే లేదు. దొరకదు కూడా. సిమ్ వేసేముందు ఈ ఒక్క విషయం చూసుకుని ఉంటే సరిపోయేది.

2జీ ఉన్న సిమ్ వేశాక నెట్‌వర్క్ దొరికింది, కానీ డేటా పంపగానే మాడ్యూల్ రీస్టార్ట్. ఇది 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య బతుకుతుంది, పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. స్నేహితుడి ఆసిలోస్కోప్ (క్షణక్షణం వోల్టేజీని గీతగా చూపించే మీటరు) తెచ్చి చూస్తే 4.1 వోల్టులు ఉన్నది పంపేటప్పుడు 3.2కి పడుతోంది. నేను వాడిన జంపర్ వైర్లు మరీ సన్నవి. లావు వైరు వేసి, మాడ్యూల్ పిన్నుల దగ్గరే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే 3.8 దగ్గర నిలబడింది. అప్పటికే 2జీ మీద నమ్మకం పోయింది, ఎన్నాళ్లు ఉంటుందో తెలియని నెట్‌వర్క్ మీద మూడు బండ్లు పెట్టడం సరికాదనిపించి 4జీ బోర్డు ఏ7670సీకి మారాను. ఇది 1,450. 4జీ లేనిచోట 2జీకి దిగుతుంది కాబట్టి కెపాసిటర్ దీనికీ ఉంచాను.

బండిలో పెట్టాక కొత్త తంటా. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ డబ్బా చచ్చి మళ్లీ లేస్తోంది. బ్యాటరీ 12.6 నుంచి 8.9కి పడింది, కానీ కన్వర్టర్ దాన్ని తట్టుకోవాలి. అసలు కారణం, నేను పవరు తీసుకున్నది పాటల సిస్టమ్ ఫ్యూజు నుంచి, సెల్ఫ్ తిరిగేటప్పుడు ఆ లైను పూర్తిగా ఆగిపోతుంది. మా వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ ఒక్క నిమిషంలో చెప్పేశాడు, నేను ముందే అడగాల్సింది.

మార్పులు:

1. పవరు నేరుగా బ్యాటరీ నుంచి, 2 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా. ఫ్యూజు బ్యాటరీ దగ్గరే ఉండాలి, డబ్బా దగ్గర కాదు.
2. ఇగ్నిషన్ వైరు కేవలం సంకేతానికి.
3. ఉన్నట్టుండి వోల్టేజీ ఎగిస్తే డబ్బా కాలకుండా ఇన్‌పుట్ మీద టీవీఎస్ డయోడ్. కెపాసిటర్‌తో కలిపి 40 రూపాయలు.

ఇగ్నిషన్ సంకేతంలో ఇంకో పొరపాటు చేశాను. వోల్టేజీ తగ్గించడానికి 10 కిలో ఓమ్, 2.2 కిలో ఓమ్ రెసిస్టర్లు వేశాను. ఇంజన్ నడుస్తుంటే 14.4 వోల్టులు ఉంటాయి కాబట్టి బాగానే చదివింది. తాళం తిప్పి ఇంజన్ ఆపి ఉంచితే 12.4 వోల్టులే, ఈఎస్‌పీ32 పిన్ను దగ్గరకొచ్చేసరికి 2.24. ఆ చిప్ ఆన్ అని నమ్మాలంటే సుమారు 2.5 కావాలి. ఒకసారి ఆన్ అని, ఒకసారి ఆఫ్ అని చదివేది. 2.2 తీసి 2.7 వేశాను, 2.64 వస్తోంది, ఇంజన్ నడిచేటప్పుడు 3.06. ఇప్పటికి తప్పు చదవలేదు.

ఇప్పటిదాకా: ఖర్చు 2,790 (అందులో 310 వృథా), సమయం 31 గంటలు.

దశ 2: కదలని బండి 6.1 కిలోమీటర్లు తిరిగింది (రోజు 10 నుంచి 17)

సర్వరుకి ట్రాక్‌కార్ అనే ట్రాకింగు సాఫ్ట్‌వేర్ వాడాను. ఉచితం, ఓపెన్ సోర్స్, మన సర్వరులోనే నడుస్తుంది, మన డేటా వేరే కంపెనీ చేతికి పోదు. నెలకు 450 రూపాయల చిన్న సర్వరు తీసుకున్నాను. 5055 పోర్టుకి మామూలు వెబ్ అభ్యర్థనలా పంపితే చాలు, ప్రత్యేకమైన ప్రోటోకాల్ రాయక్కర్లేదు. ప్రతి 10 సెకన్లకు ఒక పాయింటు పెట్టాను.

జీపీఎస్ మాడ్యూల్ డ్యాష్‌బోర్డు రేకు కింద పెడితే ఉపగ్రహాలు దొరకడానికి మూడుసార్లు కొలిచాను: 4 నిమిషాల 10 సెకన్లు, 6 నిమిషాల 35 సెకన్లు, మూడోసారి దొరకలేదు. బయట యాంటెనా (220 రూపాయలు) అద్దం కింది అంచున పెడితే 38, 41, 52 సెకన్లు. యాంటెనా కనపడేలాగే పెట్టాను, దాచలేదు. బండిలో ట్రాకర్ ఉందని ఎక్కినవాడికి తెలియాలి.

పదమూడో రోజు ఉదయం ఆరింటికి జరిగింది వివరంగా రాయాలి. బావగారు ఫోన్‌లో రోజువారీ రిపోర్టు చూశారు, బండి 1 రాత్రి 6.1 కిలోమీటర్లు నడిచినట్టు ఉంది. వెంటనే పెద్దాయనకు ఫోన్.

"రాత్రి బండి ఎక్కడికి తీశావు?"

"ఎక్కడికీ తియ్యలేదండి."

"ఆరు కిలోమీటర్లు చూపిస్తుంది కదా ఇక్కడ."

"బండి మీ షెడ్డులోనే ఉందండి, తాళం కూడా మీ ఇంట్లోనే ఇచ్చి వెళ్లాను కదండీ."

తాళం గూట్లోనే ఉంది. తప్పు నాది. రేకుల షెడ్డు కింద జీపీఎస్ స్థానం అటూ ఇటూ ఊగుతుంది, రాత్రి ఎనిమిదిన్నర నుంచి ఉదయం ఐదింటి దాకా 3,060 పాయింట్లు, ఒక్కోటి సగటున రెండు మీటర్లు జరిగినా అన్నీ కలిపితే ఆరు కిలోమీటర్లు అవుతుంది. ఎక్కువలో ఎక్కువ దూరం పోయిన పాయింటు షెడ్డు నుంచి 84 మీటర్లు, పక్కింటి పెరట్లో. ఇరవై ఏళ్లు బండి నడిపిన మనిషి ఉదయాన్నే దొంగలా సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది, అదీ రెండు మీటర్ల లెక్క నేను వడకట్టనందుకు. బావగారు ఆ రోజే వెళ్లి మాట్లాడారు, నేనూ వెళ్లాను.

చేసిన మార్పులు:

1. ఇగ్నిషన్ ఆఫ్ ఉంటే పాయింటు పంపదు, దూరం కూడదు.
2. ఉపగ్రహాల అమరిక బాగాలేదని మాడ్యూలే చెప్పినప్పుడు (హెచ్‌డీఓపీ 2.5 దాటితే) ఆ పాయింటు వదిలేస్తుంది.
3. వేగం గంటకు 4 కిలోమీటర్ల లోపు ఉంటే స్థానం మారనట్టే లెక్క.
4. రిపోర్టులో రాత్రి కిలోమీటర్ల గడి తీసేశాను.

మళ్లీ అదే షెడ్డులో రాత్రంతా పెట్టి చూస్తే 0.0. విశాఖ వెళ్లి వచ్చిన ట్రిప్పుకి మీటరు 442 కిలోమీటర్లు, డబ్బా 439.

ఇప్పటిదాకా: ఖర్చు 3,460 (సామాను 3,010, సర్వరు మొదటి నెల 450), సమయం 52 గంటలు.

దశ 3: స్విచ్, ఒక రాత్రి తాలూకు 114 పాయింట్లు (రోజు 18 నుంచి 33)

డ్యూటీలో లేనప్పుడు డ్రైవరే ట్రాకింగు ఆపుకోవడానికి డ్యూటీ స్విచ్. దాని మొదటి రూపం ఫోన్‌లో పెట్టాను, డ్రైవరు పేజీ తెరిచి నొక్కాలి. నాలుగు రోజుల్లో మూడుసార్లు మర్చిపోయారు, మర్చిపోక ఏం చేస్తారు, పన్నెండు గంటలు నడిపి దిగినవాడు ఫోన్ తీసి పేజీ తెరుస్తాడా. రెండో రూపం, డ్యాష్‌బోర్డు మీద మామూలు టాగుల్ స్విచ్, పక్కన ఎర్ర ఎల్‌ఈడీ. వెలిగితే కనపడుతున్నావు, ఆరితే లేదు. చూడగానే అర్థమవుతుంది.

ఆ స్విచ్ ఈఎస్‌పీ32 పిన్నుకి కలిపాను. ఆఫ్ చేస్తే ప్రోగ్రాం పంపడం ఆపుతుంది. ఇక్కడే పెద్ద తప్పు చేశాను.

ఇరవై మూడో రోజు ఉదయం 5:10కి సర్వరు లాగ్ చూస్తుంటే బండి 1 నుంచి ఒక్కసారిగా 114 పాయింట్లు వచ్చి పడ్డాయి. సమయాలన్నీ రాత్రివి. నెట్‌వర్క్ లేని చోట పాయింట్లు పోకుండా డబ్బాలోనే దాచి తర్వాత పంపే భాగం నేనే రాశాను, స్విచ్ ఆఫ్ చేస్తే పంపడం ఆగింది కానీ దాచడం ఆగలేదు. పెద్దాయన రాత్రి స్విచ్ ఆఫ్ చేసి సొంత పని మీద వెళ్లి వచ్చాడు, ఆ 19 నిమిషాల దారి మొత్తం పొద్దున్న ఆన్ చేయగానే సర్వరుకి చేరింది. ఎక్కడికి వెళ్లాడో ఇక్కడ రాయను. మ్యాపు తెరవకుండానే ఆ వరసలన్నీ డేటాబేసులోంచి తీసేశాను, ఆరింటికి వెళ్లి ఆయనకు చెప్పాను.

"అయితే ఆ ఎర్ర లైటు అబద్ధం చెప్పిందన్నమాట" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆ మాట తర్వాత ప్రోగ్రాం సరిచేసి మళ్లీ నమ్మమని అడగడం న్యాయం అనిపించలేదు. నేను రాసిన కోడ్ ఆయన చదవలేడు, చదవగలిగినా రేపు నేను దూరం నుంచి మార్చేస్తే ఆయనకు తెలియదు.

అందుకే పనిని ప్రోగ్రాం నుంచి వైరులోకి తెచ్చాను:

1. రెండు వరసల స్విచ్ (60 రూపాయలు). ఒక వరస జీపీఎస్ మాడ్యూల్‌కి పోయే పవరునే కోస్తుంది. రెండోది ఈఎస్‌పీ32కి ఆఫ్ అని చెబుతుంది.
2. ఎల్‌ఈడీ ఇప్పుడు జీపీఎస్ పవరు లైను మీదే ఉంది. ప్రోగ్రాం దాన్ని వెలిగించలేదు, ఆర్పలేదు.
3. జీపీఎస్ డేటా పిన్ను నుంచి దొంగ పవరు పోకుండా ఆ దారిలో 1 కిలో ఓమ్ రెసిస్టర్, ఆఫ్‌లో ఆ పిన్నును ఈఎస్‌పీ32 వదిలేస్తుంది. మొదట ఇది చేయనప్పుడు ఆఫ్‌లో కూడా మాడ్యూల్ దగ్గర 1.3 వోల్టులు కనపడ్డాయి.
4. స్విచ్ ఆఫ్ కాగానే దాచిన పాయింట్లన్నీ చెరిపేస్తుంది.

ఎల్‌ఈడీ, చిన్న బజర్ కలిపి 30.

పరీక్ష బండి దగ్గరే చేశాం. డబ్బా మూత తీసి మల్టీమీటరు పెద్దాయన చేతికిచ్చాను. నల్ల ముల్లు ఎర్త్ మీద, ఎర్ర ముల్లు జీపీఎస్ పవరు పిన్ను మీద ఎక్కడ పెట్టాలో చూపించాను. స్విచ్ ఆన్, 3.29. ఆఫ్, 0.00. ఆయన మళ్లీ ఆన్ చేశాడు, మళ్లీ ఆఫ్ చేశాడు, అలా ఐదారుసార్లు. తర్వాత ఇగ్నిషన్ ఆన్ చేసి ఆఫ్‌లోనే పెట్టి చూశాడు, ఇది నాకు తట్టలేదు. 0.00. "ఆయ్, ఇది సరిపోద్దండి" అని మీటరు వెనక్కిచ్చాడు. బండి 2, బండి 3 డ్రైవర్లకు చూపించింది నేను కాదు, ఆయనే.

దొంగతనం సంగతి

బావగారి ప్రశ్న న్యాయమైనదే. ఆఫ్‌లో ఉన్నప్పుడు బండి ఎవడైనా ఎత్తుకుపోతే? జీపీఎస్ పవరే లేదు కాబట్టి దూరం నుంచి లేపే మార్గం లేదు. రెండు రోజులు వాదించుకున్నాక తేలింది ఇది. మోడెం, అంటే 4జీ బోర్డు, నిద్రలో ఉంటుంది, ఎస్సెమ్మెస్ వస్తే లేస్తుంది. బావగారు అడిగితే అప్పుడున్న సెల్ టవరు నంబరు ఒక్కటే పంపుతుంది, అదే క్షణంలో డ్రైవరు ఫోన్‌కి "ఓనరు టవరు అడిగారు" అని ఎస్సెమ్మెస్ పోతుంది. ఏ టవరు ఎక్కడుందో చెప్పే ఓపెన్‌సెల్‌ఐడీ పట్టికతో చూస్తే అసలు చోటుకి తేడా మూడు పరీక్షల్లో 0.8, 1.4, 2.9 కిలోమీటర్లు. ఊరు తెలుస్తుంది, వీధి తెలియదు. మొదట బజర్ కూడా మోగించాలనుకున్నాను, కానీ దొంగ ఆ చప్పుడుకి డబ్బా పీకేస్తాడు, తీసేశాను. బజర్ ఇప్పుడు లోడు ఉండి స్విచ్ ఆన్ చేయడం మర్చిపోతే గుర్తు చేయడానికి మాత్రమే. ఇంకో మాట, సిమ్ ఆన్‌లో ఉన్నంతసేపు టవరు సంగతి టెలికాం కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది, దాన్ని ఈ డబ్బా మార్చలేదు. డ్రైవర్లకు అది కూడా చెప్పాను.

నిద్రలో కరెంటు కొలవడం మర్చిపోయి ఇంకో దెబ్బ తిన్నాం. సంక్రాంతికి బండి 1 ఆరు రోజులు కదల్లేదు, ఏడో రోజు సెల్ఫ్ తిరగలేదు. డబ్బా 84 మిల్లీ ఆంపియర్లు తింటోంది, రోజుకి 2 ఆంపియర్ అవర్లు, ఆరు రోజులకి 12, బ్యాటరీ కూడా పాతదే. ఈఎస్‌పీ32ని గాఢ నిద్రలోకి పంపి, మోడెంను స్లీపులో పెడితే 14 మిల్లీ ఆంపియర్లకు దిగింది.

ఇప్పటిదాకా: ఖర్చు 4,000 (సామాను 3,100, సర్వరు రెండు నెలలు 900), సమయం 88 గంటలు.

దశ 4: తక్కువ చూడడం (రోజు 34 నుంచి 48)

డ్యూటీలో ఉన్నప్పుడు మాత్రం ఎంత చూడాలి? 10 సెకన్లకు ఒక పాయింటు అంటే బండి ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగిందో ఆఖరి టీ దాకా తెలుస్తుంది. ఒక ట్రిప్పులో బండి 2 రోడ్డు పక్కన ఐదుసార్లు మూడేసి నిమిషాలు ఆగినట్టు మ్యాపులో ఎర్ర చుక్కలు పడ్డాయి. బావగారు మామూలుగానే అడిగారు, ఎందుకు అన్నిసార్లు ఆపావని. ఆ డ్రైవరుకి షుగరు ఉంది. అది ఆయన ఎవరికీ చెప్పుకోని విషయం, మ్యాపు వల్ల అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది. చుక్కల మధ్య దూరాన్ని బట్టి మనిషి ఆరోగ్యం తెలిసిపోతుందని నేను ముందు ఆలోచించలేదు.

లోడు ఎప్పుడు చేరుతుందో తెలియడానికి అంత అక్కర్లేదు. ఫాస్టాగ్ వల్ల దారిలో కృష్ణవరం లాంటి టోలు గేటు దాటినప్పుడల్లా ఓనరు ఫోన్‌కి ఎలాగూ మెసేజీ వస్తోంది. పాయింటు విరామం 120 సెకన్లు చేశాను. దాంతో ఇంకో తంటా, సర్వరు లెక్కేసే దూరం 442కి 428 మాత్రమే వచ్చింది, ఎందుకంటే మలుపులన్నీ తిన్నగా కోసేస్తుంది. అందుకే దూరం లెక్క డబ్బాలోనే ప్రతి సెకనుకూ వేసి, మొత్తం మాత్రం పంపిస్తున్నాను. మళ్లీ 439. తొమ్మిది గంటల డ్యూటీకి 3,240 పాయింట్లు ఉండేవి, ఇప్పుడు 270. డేటా రోజుకి 2.3 ఎంబీ నుంచి 190 కేబీకి తగ్గింది.

సర్వరులో చేసినవి:

1. 20 నిమిషాల లోపు ఆగడాలు ఎవరికీ చూపించదు.
2. పాయింట్లు 7 రోజులు. తర్వాత ట్రిప్పు తేదీ, బయల్దేరిన ఊరు, చేరిన ఊరు, కిలోమీటర్లు మాత్రం ఉంటాయి.
3. ఊరి పేరు కోసం అక్షాంశ, రేఖాంశాలను రెండు దశాంశాలకు కుదించాను, అంటే సుమారు 1.1 కిలోమీటర్ల గడి.
4. సరుకు వ్యాపారికి ఇచ్చే లింకు డ్యూటీ స్విచ్ ఆఫ్ కాగానే చచ్చిపోతుంది. ముందు అలా లేదు, లోడు దించాక మర్నాడు కూడా ఒక వ్యాపారి బండిని చూస్తూనే ఉన్నారు, ఆయనే చెబితే తెలిసింది.
5. బావగారు చూసే పేజీయే డ్రైవరుకీ కనపడుతుంది, తెలుగులో, ఎవరు ఎప్పుడు తెరిచారో కింద వరసగా ఉంటుంది.

7 రోజుల చెరిపివేత పెట్టి నిశ్చింతగా ఉన్నాను. నలభై ఒకటో రోజు సర్వరులో చోటు నిండిపోతే చూశాను, రోజూ రాత్రి తీసే బ్యాకప్ ఫైళ్లు మొదటి నుంచీ ఉన్నాయి. అసలు డేటాబేసులో లేనిదంతా వాటిలో భద్రంగా ఉంది, చెరిపేశానని నేను డ్రైవర్లకు చెప్పిన ఆ 114 పాయింట్లు కూడా. అన్నీ తీసేసి బ్యాకప్‌లు 3 రోజులకే పరిమితం చేశాను, అందులో పాయింట్ల పట్టిక లేకుండా. పెద్దాయనకు ఇది కూడా చెప్పాను. మీరు ఏదైనా చెరిపితే బ్యాకప్, లాగ్ ఫైలు, మీ ఫోన్‌లోని స్క్రీన్‌షాట్ మూడూ చూడండి.

దశ 5: కాగితం (రోజు 49 నుంచి 55)

ఒక పేజీ తెలుగు ఒప్పందం రాశాం, ముగ్గురు డ్రైవర్లు, బావగారు కూర్చుని. ఏం తీసుకుంటాం, ఎన్నాళ్లు ఉంచుతాం, ఎవరు చూస్తారు, స్విచ్ ఆఫ్ చేసినందుకు బత్తా కోయం, మైకు, కెమెరా పెట్టం. కెమెరా మాట బండి 3 నడిపే తమ్ముడు పెట్టించాడు.

చట్టం సంగతి నాకు అర్థమైనంత రాస్తాను. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. 2024 జూలైలో ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టే, బెయిలు మీద ఉన్న మనిషి గూగుల్ మ్యాప్స్‌లో తన లొకేషన్ పోలీసులకు పంచుతూ ఉండాలన్న షరతును కొట్టేసింది. కేసులో నిందితుడినే నిత్యం వెంటాడకూడదని అంటే, గెలలు మోసే డ్రైవరుని ఏ హక్కుతో వెంటాడతాం? అయితే డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023లో ఉద్యోగ అవసరాలకు, యజమాని నష్టం నివారణకు విడిగా సమ్మతి లేకుండానే డేటా వాడుకునే వెసులుబాటు ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అంటే కాగితం అడగకపోయినా చాలామంది ఓనర్లకు నడిచిపోతుంది. మేం అడిగే పెట్టాం.

ఒక హెచ్చరిక. ఇది సరుకు పికప్‌ల కోసం చేసిన డబ్బా. ట్యాక్సీ, బస్సు లాంటి ప్రయాణికుల బండ్లకు కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 125హెచ్ ప్రకారం ఏఐఎస్ 140 (వాహన ట్రాకర్లకు మన దేశంలో పెట్టిన ప్రమాణం) ఆమోదమున్న పరికరం, ఎమర్జెన్సీ బటన్‌తో సహా ఉండాలి. అక్కడ దీన్ని పెట్టి స్విచ్ ఇస్తే కుదరదు.

రోజు 62: ఈ రోజు

ఈలోగా బండి 2, 3లోనూ బిగించాం, ఒక్కోదానికి 2,790, రెండింటికీ 5,580.

మొత్తం లెక్క:
సామాను 8,680 (310 వృథాతో కలిపి)
సర్వరు మూడు నెలలు 1,350
సిమ్ రీచార్జులు 995
మొత్తం 11,025 రూపాయలు, 121 గంటలు.

ఇంకా తేలనివి రెండు. బండి 3లో ఎల్‌ఈడీ రాత్రిపూట అద్దంలో మెరుస్తోందని తమ్ముడు దాని మీద టేపు అంటించాడు. టేపు తీయమంటే కళ్లకి ఇబ్బంది, ఉంచితే ఆన్‌లో ఉందో లేదో కనపడదు. ఎల్‌ఈడీ లైనులో ఉన్న 1 కిలో ఓమ్ రెసిస్టర్ స్థానంలో 10 కిలో ఓమ్ వేసి వెలుగు తగ్గించి, స్టీరింగు నీడలోకి జరిపి చూస్తాను.

రెండోది మొన్నటి విషయం. బండి 1 విశాఖలో లోడు దించడం కోసం 5 గంటల 40 నిమిషాలు నిలబడింది, వెయిటింగ్ డబ్బులు ఇవ్వడానికి వ్యాపారి ఒప్పుకోలేదు, అంతసేపు ఆగలేదన్నాడట. పెద్దాయన తన ఫోన్‌లో తన పేజీ తెరిచి, చేరిన టైము, కదిలిన టైము చూపించి డబ్బు తీసుకున్నాడు. ఇప్పుడు అలాంటి రోజులు మాత్రం 7 రోజుల తర్వాత కూడా ఉంచుకునే వీలు తనకు కావాలని అడుగుతున్నాడు. ఉంచే బటన్ డ్రైవరు పేజీలోనే పెడుతున్నాను, బావగారి పేజీలో ఉండదు. ఆ కోడ్ ఈ ఆదివారం.